రోజూ ఓడిపోయే సుల్తాను

పోయిన వేసవిలో రాజమండ్రి పఠనాలయంలో ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఆస్ట్రేలియా దేశపు ఊరేగింపు బొమ్మ ఒకటి కంటబడింది. వెడల్పాటి వీధి, రెండు పక్కలా టోపీల జనం, మధ్యలో గుర్రాల మీద నలుగురు. వాళ్ళ ఒంటి నిండా ఇనప కవచాలు, చేతుల్లో పొడుగాటి బల్లేలు, గుర్రాల మీద నేల దాకా వేలాడే గళ్ళ బట్టలు. ఐరోపా రాజులు ఆరేడు వందల ఏళ్ళ కిందట యుద్ధాలకి వేసుకున్న వేషాలవి. వీధి చివర సూదిలాంటి శిఖరంతో ఒక చర్చి. కింద రాసినదాన్నిబట్టి ఆ ఊరు పుట్టి యాభై ఏళ్ళు కూడా కాలేదు.

నా పక్కన కూర్చున్న ప్లీడరు గారు అది చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బొమ్మలో ఒక మూల, గుర్రాల వెనక, ముఖానికి మసి పూసుకుని తలపాగా చుట్టుకున్న మనిషి ఒకడు నడుస్తున్నాడు. అతను ఎందుకున్నాడో, ఆ సాయంత్రం అతనికి ఏం జరగబోతోందో నాకు తెలుసు. నాకు చెప్పినాయన పోయి పదమూడేళ్ళయింది.

ఆయన పేరు రాయను. బతికున్నన్నాళ్ళూ నేను ఆయన్ని 'నువ్వు' అనే పిలిచాను. ఆయన గుర్రాల మనిషి, నేను పంతుల్ని, అప్పట్లో అంతే. ఇప్పుడు 'ఆయన' అని రాస్తుంటే కలం కొంచెం తడబడుతోంది గాని, ఇక మార్చను.

తలుచుకోగానే ముందు కనిపించేది ఆయన ముఖం కాదు, కుడికాలి మడమ. గుడి ముందైనా, దివాణం గుమ్మంలోనైనా, నిలబడబోయే చోటుని మడమతో రెండుసార్లు నొక్కి చూసేవారు. రాయి తగిలితే అడుగు పక్కకి జరిగేవారు. పడటానికి నేల అనువుగా ఉందో లేదో చూసుకోవడం అది. పడాల్సిన అవసరం తీరిపోయి ఏళ్ళు గడిచినా అలవాటు పోలేదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోలేకపోయేవారు. దగ్గు వస్తే ఎడమ డొక్కని చేత్తో అదిమి పట్టుకుని, తగ్గాక అక్కడ చంటిబిడ్డ ఉన్నట్టు నిమిరేవారు. గుర్రాలతో ఇంగ్లీషులో చాలా మాట్లాడేవారు, మనుషులతో తెలుగులో కొంచెం. ముఖం మీద ఈగ వాలితే తోలేవారు కాదు. అదేంటని ఒకసారి అడిగాను. చచ్చాక కదలకూడదు కదండీ, అలా అలవాటైపోయింది అన్నారు.

నేనప్పుడు కాకినాడలో ఒక బళ్ళో చిన్న పంతుల్ని. ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి ఏడాది. ఆ బడికి పెద్ద దిక్కు ఒక జమీందారు గారు. పంతుళ్ళని ఉంచడం, తీసెయ్యడం ఆయన మాట మీదే జరిగేది. వారి దివాణంలో ఆరు గుర్రాలుండేవి, ఆరూ ఆస్ట్రేలియావే. అక్కడి గుర్రాలు ఓడల్లో మద్రాసు వచ్చేవి, అక్కణ్ణుంచి దొరలూ జమీందార్లూ కొనుక్కునేవారు. అలా గుర్రాల వెంట వచ్చి దివాణంలో ఉండిపోయారు ఈయన. పుట్టింది మాత్రం తాళ్ళరేవులో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. నెలల బిడ్డ కూతుర్ని, భార్యని వదిలి ఓడెక్కారు. బర్మాలో రంగం వెళ్ళి, మద్రాసు వచ్చి, గుర్రాలని దింపి ఖాళీగా తిరిగిపోతున్న ఓడలో కొట్లు కడిగే పనికి చేరి, ఆ దేశపు రేవులో దిగిపోయారు. తిరిగి వచ్చేసరికి భార్య లేదు. కూతురు తాళ్ళరేవులోనే పడవలు కట్టే వడ్రంగిని చేసుకుని ఇద్దరు కొడుకుల తల్లయింది. నెలకోసారి ఎండుచేపల మూట పట్టుకుని వచ్చి, తండ్రికి ఇచ్చి, ఎక్కువ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఇరవై ఏళ్ళ తరవాత వచ్చిన నాన్నతో ఏం మాట్లాడాలో ఆమెకి తెలిసేది కాదనుకుంటాను.

ఆ దేశంలో ఆయన పని సర్కసులో చావడం.

గుర్రాల దగ్గర పనికని వెళితే యజమాని పైనుంచి కిందకి ఒకసారి చూసి తలపాగా, వంకర కత్తి తెప్పించాడట. "నా ఒంటి రంగు చూశాడండి. ఇంకేం అడగలేదు," అన్నారు. డేరాలో అట్టతో చేసిన కోట. కోటలో రాచకన్య. ఆమెని ఎత్తుకుపోవడానికి సుల్తాను వస్తాడు. ఇనప కవచం తొడుక్కున్న వీరుడు గుర్రం మీద వచ్చి బల్లెంతో సుల్తాన్ని పొడుస్తాడు. సుల్తాను పడిపోతాడు. అతని శవం పక్కన నిలబడి వీరుడు దేవుణ్ణి, రాణిని, ధర్మాన్ని తలుచుకుంటూ పద్యం చదువుతాడు. ప్రతి సాయంత్రం ఇదే ఆట, శనివారం రెండుసార్లు.

"నేను తురకనీ కాదు, సుల్తాన్నీ కాదు. మా నాన్న వలలు అల్లేవాడు. ఆ డేరాలో మాత్రం పద్దెనిమిదేళ్ళు సుల్తానుగానే చచ్చానండి."

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. ఆ దేశంలో కోటలు ఎప్పుడూ లేవు, కవచాలు తొడిగిన రాజులూ లేరు. మరి జనానికి ఈ పిచ్చి ఎక్కడిదని అడిగేవాణ్ణి. దానికి ఆయన చూసినవి చెప్పుకుపోయేవారు. గొర్రెల మందలున్న ఒక ఆసామి, కనుచూపు మేరలో మనిషి లేని మైదానంలో, బురుజులతో ఇల్లు కట్టించుకున్నాడట. గోడల్లో బాణాలు వెయ్యడానికి సన్నటి కంతలు. ఆ కంతల వెనక ఉన్నవి మాత్రం ఉన్ని మూటలు. కొత్త రాయి చెక్కి, పాతదిలా కనపడాలని చర్చిలు కట్టేవారు. ఒక చర్చిలో రంగు అద్దాల కిటికీ మీద కవచం తొడుక్కున్న భక్తుడు ఘటసర్పాన్ని పొడుస్తుంటే, ఆ సర్పం కాళ్ళ దగ్గర ఆ దేశపు పసుప్పచ్చ పూలు, అక్కడ గెంతే జంతువు. సారాకొట్ల పలకల మీద కూడా వీరులే. బంగారం తవ్వుకునేవాళ్ళు, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు మంట చుట్టూ చేరి ఆ పాత యుద్ధాల పాటలు పాడుకునేవారు. గెడ్డాల మగాళ్ళు డేరాలో వెక్కి వెక్కి ఏడవడం తను పడుకుని వినేవాణ్ణన్నారు.

"చచ్చిపోయినవాణ్ణి కదండి, కళ్ళు తెరవకూడదు. వినడమే. వాళ్ళు నా కోసం ఏడిచేవాళ్ళు కాదు. వాళ్ళ తాతల దేశం కోసం ఏడిచేవాళ్ళు."

తెల్లవాళ్ళకి ముందునుంచీ ఆ నేల మీద ఉన్న అసలు మనుషులు డేరా బయట నిలబడేవారట. వాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదు. ఒక ఊళ్ళో ఆట చూసి, పద్యానికి కళ్ళు తుడుచుకున్న ఆసాములే మర్నాడు పొద్దున తుపాకులు పట్టుకుని ఆ మనుషులని ఏటి అవతలికి తరమడానికి గుర్రాల మీద వెళ్ళారు. వెళుతూ సర్కసు యజమానికి చెయ్యి ఊపారు. సాయంత్రం పొద్దుటికంటే సంతోషంగా తిరిగొచ్చారు. ఆ రాత్రి డేరా బయట నిలబడ్డవాళ్ళు తక్కువ. ఆ సంగతి చెప్పిన రోజు ఆయన గుర్రానికి మాలీసు చేస్తూనే ఉన్నారు.

మరోసారి ఒక దొంగ గురించి చెప్పారు. అతను నాగళ్ళ ఇనుము కొట్టించి కవచం, శిరస్త్రాణం చేసుకుని పోలీసులతో పోరాడాడట. దేశమంతా పాతకాలపు వీరుడు మళ్ళీ పుట్టాడని చెప్పుకుంది. ఈయనకి మాత్రం ఆ కవచం బరువు మీదే ధ్యాస. అంత ఇనుము మోస్తే చెయ్యి లేవదని, పక్కకి తిరగలేడని, కాళ్ళకి ఏమీ తొడుక్కోలేదు గనక కాళ్ళకే కొట్టారని చెప్పి, పాపం, పడటం తెలీదు అన్నారు.

పడటం అంటే ఆయనకి విద్య. బల్లెం తగలకముందే ఒళ్ళు తిరగాలి. కుడి భుజం ముందు, తరవాత తుంటి, చివరికి తల. ఎడమ పక్కకి ఎన్నడూ పడకూడదు. ఇదంతా జరగాలంటే గుర్రం మీద వచ్చేవాడు ముందుగా సైగ చెయ్యాలి. ఎడమ మోచెయ్యి పైకెత్తుతాడు. అది చూసి ఇతను తిరుగుతాడు. బల్లెం చంక కిందనుంచి డాలుకి తగిలి పోతుంది. ఆ ఒక్క సైగ మీద తన ప్రాణం నడిచిందని చెప్పేవారు.

జమీందారు గారి అబ్బాయిని ఊరంతా చినబాబు గారనేది. ఇక్కడ ఆ 'గారు' వదిలేస్తున్నాను. చినబాబుకి నాటకాల సరదా. ఆ ఏడు పెద్ద దొర ఊరికి వస్తున్నాడని, కోట ముట్టడి కథ ఒకటి నా చేత రాయించి, మైదానంలో పట్టపగలు, నిజం గుర్రం మీద ఆడాలని పట్టుబట్టాడు. వీరుడు తనే. ఓడిపోయే శత్రు సేనాపతి ఎవరన్నప్పుడు, గుర్రాల మనిషి పాత వృత్తి సంగతి నేనే చెప్పాను. ఆయన ముందు ఒప్పుకోలేదు. యాభై అయిదేళ్ళు దాటాయి, ఎముకలు పాతబడ్డాయి అన్నారు. యజమాని కొడుకు రెండోసారి అడిగేసరికి తల ఊపారు.

నెలరోజులు తెల్లారగట్ల మైదానంలో అభ్యాసం. ఆయన ఇసక పోయించి, రాళ్ళు ఏరించి, చినబాబుకి బల్లెం పట్టడం నేర్పారు. కొసకి గుడ్డ ఉండ కట్టిన సరుగుడు కర్ర బల్లెం. చూడ్డానికి వచ్చిన జనం ఆయన పడుతుంటే నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ముసలాడు ఎంత బాగా పడ్డాడో అని చెప్పుకునేవారు. పొడిచినవాడి గురించి ఎవరూ చెప్పుకోలేదు. అది చినబాబు చెవిన పడింది.

ఒకరోజు సైగ ఎందుకంత ముఖ్యమో వివరిస్తూ ఆయన ఒక సంగతి చెప్పారు. ఆ దేశంలో ఒకసారి వీరుడి వేషగాడు తాగి వచ్చి మోచెయ్యి ఎత్తడం మర్చిపోయాడు. బల్లెం డొక్కలో దిగబడి మూడు పక్కటెముకలు విరిగాయి. డేరా అంతా లేచి నిలబడి కేకలు వేసింది. పద్దెనిమిదేళ్ళలో అంత మెప్పు ఎన్నడూ రాలేదు. మర్నాడు యజమాని వచ్చి, అలాగే ఇంకోసారి చెయ్యగలవా అని అడిగాడట. చినబాబు జాగ్రత్తపడాలని ఆయన ఈ మాట చెప్పారు. చినబాబు చాలా శ్రద్ధగా విన్నాడు.

ఆట రోజు పొద్దున చినబాబు నన్ను పిలిపించాడు. వేషం బట్టలు చూసుకుంటూ, ఏదో మామూలు సంగతిలా అన్నాడు.

"ఇవాళ మోచెయ్యి ఎత్తను. ఎత్తితే నాటకంలా కనపడుతోంది. నువ్వు వాడికి చెప్పకు."

దెబ్బ తగులుతుందండి అన్నాను. గుడ్డ కట్టి ఉంది కదా అన్నాడు. ఆ తరవాత, బళ్ళో నా ఉద్యోగం వచ్చే ఏడాదికి ఖాయం చెయ్యమని నాన్నగారితో చెప్పానన్నాడు. ఆ రెండు మాటలకీ సంబంధం ఉన్నట్టు అతను అనలేదు. నాకు తెలిసింది.

మధ్యాహ్నం నేను గుర్రపుసాలకి వెళ్ళాను, చెబుదామనే. ఆయన ఉలవలు నానబోస్తున్నారు. ఏం పంతులు గారూ, ఎండలో వచ్చారేంటి అన్నారు. గుర్రం గిట్ట నొప్పి తగ్గిందా అని అడిగాను. తగ్గిందన్నారు. నీళ్ళిచ్చారు, తాగాను. దొర గారు పద్యాలకి విసుక్కోకుండా నాలుగు తగ్గించమని సలహా ఇచ్చారు. సరేనన్నాను. గుమ్మం దాకా వచ్చి ఆగాను. ఆయన తలెత్తి చూశారు. సాయంత్రం కలుద్దామని చెప్పి వచ్చేశాను.

నాలుగు గంటలకి మైదానం నిండింది. దొర, దొరసాని కుర్చీల్లో. నేను పక్కన, పద్యాల కాగితాలతో. ఆయన డాలు పట్టుకుని మధ్యలో నిలబడి, మడమతో నేల నొక్కి చూసుకుని, గుర్రం వైపు తిరిగారు. గుర్రం దౌడు తీసింది. ఆయన కళ్ళు చినబాబు ఎడమ మోచేతి మీదే ఉన్నాయి. గుర్రం దగ్గరికి వచ్చేసినా ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నారు. బల్లెం ఎడమ డొక్కలో తగిలింది. ఆయన పడ్డారు. ఎడమ పక్కకి పడ్డారు.

జనం లేచి నిలబడ్డారు. అంత చప్పుడు ఆ ఊళ్ళో మళ్ళీ వినలేదు. దొర కూడా చప్పట్లు కొట్టాడు. చినబాబు గుర్రం దిగి పద్యాలు అందుకున్నాడు. నేను తగ్గించినవి పోగా పదకొండు. ఆయన కదల్లేదు. పెదవి చివర నెత్తురు కనిపించినా, రంగు బాగా కుదిరిందని నా వెనక ఎవరో అన్నారు. పదకొండు పద్యాలూ నేను అందించాను.

తరవాత తొమ్మిది రోజులు బతికారు. సాల పక్క గదిలో, గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఆసుపత్రి డ్రెస్సరు వచ్చి కట్టు కట్టి, లోపల నెత్తురు ఆగడం లేదన్నాడు. చినబాబు పళ్ళు పంపించాడు. నేను నాలుగో రోజుకి గాని వెళ్ళలేకపోయాను.

కూతురు పక్కనే కూర్చుని విసురుతోంది. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నారు. మాట చాలా సన్నగా వస్తోంది.

"పంతులు గారూ, మీరు పక్కనే ఉన్నారు కదా. బాబు గారు మోచెయ్యి ఎత్తారాండి?"

కూతురు చేతిలో విసనకర్ర వైపు చూశాను.

"నాకు కనపళ్ళేదు. ఎత్తే ఉంటారు. ఈమధ్య కళ్ళు మసకలండి. పొద్దు కూడా ఎదరగా ఉంది."

ఆ క్షణంలో నిజం చెబితే నాకు ఏమయ్యేదో ఇప్పుడు లెక్క వేసుకుంటే పెద్దగా ఏమీ కనిపించదు. అప్పుడు మాత్రం ఇల్లు, భార్య, బడి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. "ఎత్తారు," అన్నాను.

ఆయన తల చాలాసేపు ఆడించారు. "అయితే తప్పు నాదే," అన్నారు. అన్నేళ్ళ విద్య చివరికి చేతకాకుండా పోయిందన్న సిగ్గు ఆ ముఖంలో కనిపించింది. అంతకుముందు నొప్పి ఉంది గాని సిగ్గు లేదు. అది నేను పెట్టింది. మిగిలిన అయిదు రోజులూ వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకున్నారట, కళ్ళు కనపడక ఆట పాడుచేశానని.

ఆయన పోయిన మూడో రోజున కూతురు దివాణానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. మెట్ల కింద నిలబడి, దొర గారి ముందు ఆట చెడగొట్టినందుకు క్షమించమని బాబు గారిని అడగమన్నాడండి మా నాన్న, అంది. చేతులు జోడించింది. చినబాబు పోనీలే అన్నాడు. నా వైపు చూడలేదు. నేనూ అతని వైపు చూడలేదు. ఆ జూన్‌లో నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ బడి వదిలి రాజమండ్రి వచ్చి ఏడేళ్ళయింది. ఇప్పుడు చినబాబు వల్ల నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఆ బొమ్మ చూసిన వారానికి బయల్దేరి వెళ్ళాను గాని, ధైర్యం వచ్చి వెళ్ళానని చెప్పుకోలేను. కాకినాడ దాకా రైలు, అక్కణ్ణుంచి జట్కా. తాళ్ళరేవులో ఆమె ఇంటి ముందు కొత్త పడవ బోర్లించి ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. నేను కూర్చోకుండానే చెప్పాను. పొద్దున చినబాబు అన్న మాట, మధ్యాహ్నం నేను సాల దాకా వెళ్ళి తిరిగి రావడం, చివరికి ఆయనతో ఆడిన అబద్ధం, అన్నీ.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పీట తీసి గోడకి ఆనించింది. అప్పుడు అడిగింది.

"ఆ బాబు గారు ఉన్నారాండి?"

ఉన్నారన్నాను.

"ఆ రోజు క్షమించమని చేతులు జోడించింది నేను. ఆ మాట నాకు వెనక్కి కావాలి. మీరు రండి."

అదే జట్కాలో కాకినాడ దివాణానికి తిరిగి వెళ్ళాం. చినబాబు లావయ్యాడు. వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి, ఏం మేష్టారూ, ఇన్నాళ్ళకా అన్నాడు. ఆమె ఈసారి మెట్ల కింద ఆగలేదు, వరండాలోకి వచ్చింది.

"మా నాన్న తరపున అప్పుడు మిమ్మల్ని క్షమాపణ అడిగాను. తప్పు మా నాన్నది కాదంట. ఆ మాట తిరిగి తీసుకుంటున్నాను."

అతను అయోమయంగా నా వైపు చూశాడు. "మీరు ఆ రోజు మోచెయ్యి ఎత్తలేదు," అన్నాను. నాతో చెప్పి మరీ ఎత్తలేదని, నేను దాచానని కూడా అన్నాను.

చినబాబు నుదురు ముడివేసుకుని, ఏ రోజు, ఏ నాటకం, ఎవరి గురించి అని అడుగుతున్నాడు. దాచడం కాదు, నిజంగానే గుర్తు లేదు. నేను చెప్పబోయాను. మైదానం, దొర, ఆస్ట్రేలియా గుర్రం అంటూ మొదలుపెట్టాను. ఆమె అప్పటికే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.